చెట్టు ఎటు పడింది

మామిడి చెట్టు కూలితే రైతు ముందు వేరు చూస్తాడు, లేపి నిలబెడితే బతుకుతుందా అని. నేను ఫోన్‌లో దిక్సూచి తెరిచాను.

2024 మే 26, ఆదివారం. రోహిణి కార్తె రెండో రోజు. కొల్లాపూర్ దగ్గర మా పెద్దనాయన తోటలో ఆఖరు కోత నడుస్తోంది. బేనిషాన్ కాయలను చిక్కంతో దింపి, సొన కారేలా బోర్లించి, ట్రేలలో సర్దుతున్నారు. నేను నులకమంచం మీద కూర్చుని బంగాళాఖాతం చూస్తున్నాను. రెమల్ తుపాను ఆ రాత్రికి బెంగాల్, బంగ్లాదేశ్ తీరం దాటుతుందన్నారు. ఉపగ్రహ చిత్రం మారినప్పుడల్లా నాకు క్రికెట్‌లో ఓవర్ మారినంత సంబరం.

"ఏంరా, గాలొస్తదా?" అన్నాడు పెద్దనాయన.

"తుపాను బెంగాల్ దిక్కు పోతుంది పెద్దనాయనా, మనకేం కాదు."

ఆయన అడిగింది తుపాను సంగతి కాదు. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

పొద్దు వాలుతుండగా ఆయన ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. అప్పటిదాకా పొయ్యి సెగలా కొట్టిన గాలి కాస్తా ఆగి, వాయవ్యం నుంచి చల్లగా ఒక్క విసురు వచ్చింది. "గాలి మర్లింది, చెట్లు దిగుండ్రి!" అని కేక వేశాడు. పది నిమిషాలు కూడా కాలేదు, ఎర్రదుమ్ము గోడలా లేచి వచ్చి మీద పడింది.

దుమారం పోయాక చూస్తే పదకొండు చెట్లు నేల మీద ఉన్నాయి. అందరూ సుడిగాలి అన్నారు. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ మాట వినగానే నాకు లోపల సంతోషమైంది. నాకు టోర్నడోల పిచ్చి. 1989 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సాటురియాలను ఊడ్చేసి దాదాపు 1300 మందిని పొట్టన పెట్టుకున్న టోర్నడో గురించి అడగకపోయినా చెప్పే రకం. అలాంటిది మా తోటకే వచ్చిందంటే!

దిక్సూచి పట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగాను. పదకొండూ ఆగ్నేయానికే పడ్డాయి, విసనకర్ర విప్పినట్టు కాస్త విచ్చుకుని. టోర్నడో అయితే చెట్లు అటొకటి ఇటొకటి, సుడి తిరిగిన దారి వెంట లోపలికి ముడుచుకున్నట్టు పడాలి. ఈ తేడా పట్టుకున్నవాడు వాతావరణ శాస్త్రవేత్త ఫుజిటా. 1945లో అణుబాంబులు పడ్డాక నాగసాకి, హిరోషిమా వెళ్లి, చెట్లు నడిమి నుంచి నలుదిక్కులకు ఒరిగిన తీరు చూశాడు. 1974లో అమెరికాలో టోర్నడోల నష్టం చూడబోతే అడవిలో మళ్లీ అదే తీరు కనిపించింది. సుడి కాదు, పైనుంచి గాలి కుమ్మరించినట్టు పడిందని తేల్చాడు.

మా తోటలోనూ అదే. మేఘం నుంచి రాలే వాన కింది పొడిగాలిలో ఆవిరవుతుంటే ఆ గాలి చల్లబడి బరువెక్కుతుంది. కుండెడు నీళ్లు బండల మీద కుమ్మరిస్తే చుట్టూ చిమ్మినట్టు, నేలకు తగిలి పరుచుకుంటుంది. పెద్దనాయన ముఖానికి తగిలిన చల్లదనం దాని ముందు అంచే. హైదరాబాద్ రాడార్ మాకు గాలిదారిన నూటయాభై కిలోమీటర్లు. అంత దూరం వచ్చేసరికి నేల వంపు వల్ల, కాస్త పైకి ఎత్తి పంపడం వల్ల దాని కిరణం మా చెట్ల మీద రెండున్నర కిలోమీటర్ల ఎత్తున పోతుంది. మేఘం కనిపిస్తుంది, కొమ్మల్లో గాలి కనిపించదు.

ఇదంతా అర్థమై మురిసిపోతుండగా వార్త తెలిసింది. మా జిల్లాలోనే తాడూరు మండలం ఇంద్రకల్‌లో, కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. దిక్సూచి ఫొటోలు ఎవరికీ పంపలేదు.

"దాని పేరేందో నాకెందుకురా," అన్నాడు పెద్దనాయన ఆ రాత్రి. రాలిన కాయ తొక్కుకు కూడా ఎవరూ అడగరన్న దిగులులో ఉన్నాడు. "గాలి మర్లినంక ఎంత సేపుంటదో జెప్పు. చెట్టు మీద మనిషుంటడు."

అప్పటినుంచి ఎండాకాలంలో ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. చల్లగాలి తగిలిన నిమిషం ఒక గడిలో, దుమారం తాకిన నిమిషం పక్క గడిలో. తొమ్మిది నిమిషాలు. పద్నాలుగు. ఆరు. ఒకసారి గాలి మర్లగానే నేనే కేకేశాను, అందరూ చెట్లు దిగారు. అరగంటైనా ఆకు కదల్లేదు. కూలోళ్లు నా దిక్కు చూసి నవ్వుతున్నారు. పెద్దనాయన బీడీ ముట్టించి, "గది గూడ రాయి" అన్నాడు.