మంచుమూత క్రింది వెచ్చని నీరు

దక్షిణధ్రువ ఖండమనగానే మన కన్నులకు తెల్లని మంచు తప్ప మరేమియు తోచదు. కాని సోదరీమణులారా, అచ్చటి విక్టోరియా సీమలో మంచు కప్పని లోయలు కొన్ని కలవు. వానిలో రైట్ లోయ యొకటి. చెట్టు లేదు, పచ్చిక లేదు. ఎటుచూచినను రాళ్లును, ఇసుకయు. వేసవిలో రెండు మాసములపాటు ఆనిక్స్ అను చిన్న నది సముద్రమునకు విముఖమై లోయలోనికే పారి, వాండా సరస్సులో లీనమగును.

వాండాపై మూడు నాలుగు మీటర్ల మందమున మంచు ఎల్లకాలము నిలిచియుండును. వేసవిలో అంచులు మాత్రము కరగును. మంచు క్రింద నీరు గడ్డకట్టుటకు సిద్ధముగానుండగా, సుమారు 75 మీటర్ల దిగువన, అడుగునీటి వేడిమి దాదాపు 25 డిగ్రీలు! మన మాఘమాసపు ఉదయమున బావినీరు తలపునకు వచ్చుటలేదా?

ఇది భూగర్భపు వేడియని కొందరు తలచిరి. కాని అది సూర్యునిదే. అచ్చటి మంచు మిక్కిలి తేటగానుండుటచే వెలుతురు లోనికి దిగును. మన కుండలో నైనచో కాగిన నీరు పైకి లేచి చల్లారును. ఇచ్చటి అడుగునీరు ఉప్పు నిండి బరువైనందున వెచ్చనైనను లేవలేదు. ఆ యుప్పు మన వంటయింటిది కాదు, అధికభాగము కాల్షియం క్లోరైడ్. సుమారు 1,200 సంవత్సరముల క్రిందట సరస్సు ఇంకి చిట్టి ఉప్పుమడుగై మిగిలెననియు, పిమ్మట మంచినీరు వచ్చి దానిపై నిలిచెననియు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. పైని మూత గాలిని తాకనీయదు గనుక ఆ రెండును నేటికిని పూర్తిగా కలియలేదు. అడుగున ప్రాణవాయువు లేదు. కుళ్లిన గ్రుడ్ల కంపు గొట్టు వాయువు కలదు.

పొరుగు టేలర్ లోయలోని హోర్ సరస్సున మరియొక వింత. గాలికి మంచుపై బడిన ఇసుక ఎండకు వేడెక్కి, మంచును కరగించుకొనుచు దిగి, కొంత అడుగునకు జారును. అచ్చట సూక్ష్మజీవులు చాపవలె అల్లుకొని ఆ రేణువులను పట్టి, పొరపై పొర పేర్చుచుండును.

ఈ సరస్సుల లవణములెచ్చటివి? దీనిని శోధించినవారిలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు లోయిస్ జోన్స్ ఒకరు. అమెరికా నౌకాదళము 1969 వరకు స్త్రీలను ఆ ఖండమునకు కొనిపోవుటకు సమ్మతింపలేదు. కావున ఆమె పురుషులు తెచ్చిన నీటినే పరీక్షించి, అందలి స్ట్రాన్షియమును బట్టి, లవణములు సముద్రమునుండియే రాలేదనియు, ఆ లోయ రాళ్లు శిథిలమగుటవలనను చేరినవనియు తేల్చెను. తాను చూడని సరస్సును గూర్చి ఇంత చెప్పగలుగుట సామాన్యము కాదని మా యభిప్రాయము. ఆమెను చూడనీయకుండుట న్యాయమనియు మేమనజాలము.

తుదకు 1969లో ముగ్గురు స్త్రీలను వెంటబెట్టుకొని ఆమె పయనమయ్యెను. నవంబరు 12న వారును, మరిద్దరు స్త్రీలును దక్షిణధ్రువమున విమానము దిగిరి. ఎవ్వరును మొదటివారు కాకుండ ఆరుగురును ఒక్కసారిగ అడుగిడిరి. పత్రికలకు కావలసినదది. వారి అసలుపని రైట్ లోయలోనే యుండెను. డేరాలలో నివసించుచు, సుత్తెలతో రాళ్లు గొట్టి మూటలు గట్టి మోసికొనుచు, ఏ సరస్సు నీటిని ఇదివరకు సీసాలలో మాత్రమే చూచెనో, ఆ సరస్సు సీమలోనే జోన్స్ సంచరించెను.