ద్రాక్షకు దక్కిన మర్యాద ఆవకు ఏది?

నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఈమధ్య ఒక బడి పాట్‌లక్‌కు తెలుగు ఇల్లాలు ఒకావిడ చికెన్ సలాడ్ చేసి పట్టుకెళ్లారు. ఉడికించిన కోడిని పీచుపీచుగా విడదీసి, మయోనైజ్‌లో సగానికి సగం నీరు వంచేసిన గట్టి పెరుగు కలిపి, అప్పటికప్పుడు నూరిన ఆవముద్ద, సన్నగా తరిగిన పచ్చిమామిడి, చల్లార్చిన కరివేపాకు పోపు వేశారు. బల్ల మీద ప్రతి గిన్నె ముందూ ఒక చీటీ పెట్టారు. ఆవిడ గిన్నె ముందున్న చీటీ మీద ‘ఫ్యూజన్’ అని రాసి ఉంది. పక్క గిన్నెలో కోడిమాంసం, మయోనైజ్, సగానికి కోసిన ఎర్ర ద్రాక్షలు, పీకాన్ పప్పులు. దాని చీటీ మీద ఉత్త ‘చికెన్ సలాడ్’ అనే ఉంది.

ఆవిడ గిన్నె ఖాళీ అయింది. ఒక్కరూ వంక పెట్టలేదు. అయినా ఆ చీటీ మాత్రం మింగుడుపడదు. కోడిమాంసంలో ద్రాక్షపళ్లు వేస్తే అసలు వంటకం, ఆవ పెడితే కలగాపులగమా?

పాత పుస్తకాలు తిరగేస్తే సంగతి వేరుగా ఉంది. ఫిలడెల్ఫియాకు చెందిన ఎలైజా లెస్లీ 1837లో ‘డైరెక్షన్స్ ఫర్ కుకరీ’ అనే వంటల పుస్తకం వేశారు. ఆ శతాబ్దంలో అమెరికా వంటిళ్లలో బాగా నలిగిన పుస్తకం అది. అందులో చికెన్ సలాడ్ ఉంది. చల్లారిన కోడిమాంసం, సెలరీ కాడల ముక్కలు. వాటి మీదికి ఉడికించిన గుడ్ల పచ్చసొన మెదిపి, నూనె, వెనిగర్, ఆవ, కయెన్ కారం కలిపిన గుజ్జు. ద్రాక్ష లేదు. ఎండుద్రాక్ష లేదు. ఆవ, కారం, పులుపు ఉన్నాయి. షార్లెట్ ఇల్లాలి గిన్నెలో ఉన్నవీ అవే. ఆ లెక్కన లెస్లీ గారి వంటకానికి దగ్గరి చుట్టం ఏ గిన్నె?

ఆవ పెట్టడం తెలిసినవాళ్లకు ఇంకో సంగతి కూడా తట్టాలి. గోదావరి జిల్లాల్లో పనసపొట్టు కూరకైనా, అరటికాయ కూరకైనా ఆవముద్దను పొయ్యి మీద ఉండగా కలపరు. నానబెట్టిన ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు కలిపి నూరుకుని, కూర దించి, కాస్త వేడి తగ్గాకే కలుపుతారు. వేడి తగిలితే ఆవ ఘాటు చచ్చిపోతుంది, చేదు మిగులుతుంది. అలాంటప్పుడు చల్లగా తినే వంటకం కంటే ఆవకు అనువైన చోటు ఇంకెక్కడుంది? ముద్ద నోట్లో పెట్టుకోగానే ఘాటు ముక్కుపుటాల దాకా ఎక్కుతుంది, ఆ వెంటనే పెరుగు దాన్ని చల్లారుస్తుంది. ద్రాక్షపండు ఈ పని చేయలేదు.

ద్రాక్ష పక్షాన కూడా సాక్ష్యం ఉంది, దాచడం న్యాయం కాదు. రోడ్ ఐలాండ్‌లోని వేక్‌ఫీల్డ్‌లో టౌన్ మీట్స్ అనే మాంసం కొట్టు యజమాని లియామ్ గ్రే 1863లో మిగిలిన కోడిమాంసంలో మయోనైజ్, టారగాన్ ఆకు, ద్రాక్షలు కలిపి అమ్మాడని చెబుతారు. న్యూయార్క్ వాల్డార్ఫ్ హోటల్లో పనిచేసిన ఆస్కర్ చిర్కీ 1896 నాటి తన వంటల పుస్తకంలో ఆపిల్, సెలరీ, మయోనైజ్‌తో వాల్డార్ఫ్ సలాడ్ రాశాడు. అక్రోట్లు ఆ తర్వాత వచ్చి చేరాయి. కోడిసలాడ్‌లో పండు వేయడానికి ఇక్కడివాళ్లు చూపించే పెద్దరికం అదీ. సరే, పాత అలవాటే. పులుసులో బెల్లంముక్క వేసుకునే తెలుగువాళ్లకు తీపి మీద పగేమీ లేదు. మాంసంలో మాత్రం తీపి తగిలితే నాలుక మొరాయిస్తుంది. అది నాలుక తప్పు కాదు.

ఈ దక్షిణాది రాష్ట్రాల ఆడవాళ్లను మాత్రం మెచ్చుకోకుండా ఉండలేం. సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో యూజీనియా డ్యూక్ 1917లో క్యాంప్ సెవియర్ సైనికులకు శాండ్‌విచ్‌లు అమ్ముతూ, చివరికి తన మయోనైజ్‌నే పెద్ద వ్యాపారం చేశారు. ఆ డ్యూక్స్ మయోనైజ్‌లో నేటికీ చక్కెర ఉండదు. పుల్లగా, గట్టిగా ఉంటుంది. ఆవకాయ గుజ్జు ఒక చెంచా కలిపితే తీపి అడ్డురాదు కాబట్టి తెలుగిళ్లకు అదే నప్పుతుంది. అలబామాలోని ఆబర్న్‌లో స్టేసీ బ్రౌన్ ఇంటి వంటగదిలో మొదలుపెట్టిన చికెన్ సలాడ్ వ్యాపారం 2008లో చికెన్ సలాడ్ చిక్ అనే దుకాణమై, ఇప్పుడు రెండు వందలు దాటిన శాఖలతో నడుస్తోంది. అక్కడ ఆపిల్, ద్రాక్ష, అనాస వేసిన రకం ఉంది, జలపెనో మిరపకాయ వేసిన రకమూ ఉంది. మెక్సికో మిరపకాయ వేసిన సలాడ్‌ను అక్కడ ఎవరూ ఫ్యూజన్ అనరు. అదీ చికెన్ సలాడే. మరి గుంటూరు మిరపకాయ చేసిన పాపం ఏమిటి?

‘ఇండియన్’ అని మన పేరు తగిలించి ఇచ్చే రకం ఒకటుంది. అందులో పసుపుపచ్చటి కర్రీపొడి, ఎండుద్రాక్ష, ఒక్కోసారి మామిడి జామ్ ఉంటాయి. ఈ వరసలో బాగా పేరున్నది లండన్‌ది. 1953లో రెండో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక విందుకు కాన్‌స్టెన్స్ స్ప్రై, రోజ్‌మేరీ హ్యూమ్ కలిసి చేయించిన కోడి వంటకం అది. కర్రీపొడి, వైన్, టమాటా, ఆప్రికాట్ గుజ్జు, మయోనైజ్, మీగడ దానిలో పడతాయి. ఉల్లిపాయను, కర్రీపొడిని ముందు నూనెలో వేయించాకే మిగతావి వేయాలన్న వాళ్ల పద్ధతి మెచ్చుకోదగ్గది. పచ్చిపొడి వాసన పోగొట్టాలన్న ఇంగితం ఉన్నవాళ్లే ఆ పని చేస్తారు. నేడు డబ్బాల్లో అమ్మే రకాల్లో ఆ వేయింపు కనబడదు. పచ్చిపొడి చల్లి, ఎండుద్రాక్ష వేసి, ఇండియా పేరు పెట్టేస్తున్నారు. అన్యాయమల్లా అక్కడుంది.

చల్లటి కోడిమాంసమా అని ఇంటి దగ్గరి పెద్దవాళ్లు ఫోన్లో ముఖం చిట్లిస్తారు. వాళ్ల మాటా కొట్టిపారేయలేం. ఆదివారం కోడి తెగితే కందనకాయ ఏ పిల్లాడికి, కాలు ఎవరికి అని పంచాయితీ నడిచిన ఇళ్లు మనవి. వేడివేడి పులుసు అన్నం మీద పడి ఆవిరి లేస్తేనే కోడికూర. అయినా ఆ ఇళ్లలోనే రాత్రి మిగిలిన నాటుకోడి పులుసు తెల్లారేసరికి నూనె పైకి తేలి, ముక్కకు ఉప్పూ కారం బాగా పట్టి ఉండేది. చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుంటూ ఆ పులుసు కలుపుకున్నవాళ్లకు రాత్రి కంటే పొద్దున్నే రుచి ఎక్కువని తెలుసు. దాన్ని వేడి చేయమని ఎవరూ అడిగేవారు కాదు. అమ్మ వేడి చేస్తానన్నా వద్దనేవారు.

మయోనైజ్ సంగతి వేరు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న పచ్చిగుడ్ల మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించాక హైదరాబాద్ నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. ఇక్కడ సీసాల్లో వచ్చేది పాశ్చరైజ్ చేసిన గుడ్లతో చేసింది. అయినా కోడి లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరేలా ఉడకాలి, కలిపిన సలాడ్ రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి దాచకూడదు. ఎండాకాలం పాట్‌లక్ బల్లల మీద ఈ రెండు గంటల నియమం గాలికి పోవడం చూస్తే గుండె గుభేలుమంటుంది.

సెలరీకి బదులు పసుపు దోసకాయ వేయడం తెలుగిళ్లలో వచ్చిన మంచి మార్పు. చెక్కు తీసి, ముక్క కొరికి చేదు లేదని చూసుకుని, గింజలు తీసేసి, వేలిగోరంత ముక్కలు కోసి, ఉప్పు రాసి పావుగంట ఉంచి, వచ్చిన నీరు వంచేయాలి. లేకపోతే సలాడ్ మొత్తం నీరు కారుతుంది. పళ్ల కింద కరకరమంటూ, పుల్లపుల్లగా తగిలే ఆ ముక్క ముందు సెలరీ దిగదుడుపే. పీకాన్ పప్పు బదులు వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు వేయవచ్చు. అది వడ్డించే ముందే వేయాలి, లేకపోతే మెత్తబడుతుంది. పోపు కూడా పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి నూనె పడితే మయోనైజ్ విరిగిపోతుంది.

షార్లెట్ ఇల్లాలు వచ్చే నెల పాట్‌లక్‌కు కూడా అదే సలాడ్ చేస్తున్నారు. ఈసారి పేరుచీటీ ఇంటి దగ్గరే తన చేత్తో రాసుకుని తీసుకెళ్తారట. కోడి నుంచి తీసిన ఎముకలతో మిరియాలు, వెల్లుల్లి, చింతపండు వేసి చారు కాచి, ఆ రాత్రి ఇంటిల్లిపాదీ అన్నంలో పోసుకుంటారు.