హాస్టల్ వెనక పుదీనా బకెట్



మా రూంలో నలుగురం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. వంటింట్లో ఆకులు తుంచుకుని పారేసిన పుదీనా కాడల్ని తెచ్చి నీళ్లల్లో పెట్టాం. వారం పది రోజులకు వేర్లొచ్చాయి. పగిలిన బకెట్లో మట్టి పోసి, కుళాయి పక్కన సగం నీడలో నాటాం. ఇప్పుడు ఎంత తుంచినా మళ్లీ వస్తోంది.

నీళ్ల పప్పు పెట్టిన రోజు వంట అక్కను అడిగి పచ్చిమిర్చి, చింతపండు వేసి పచ్చడి నూరుకుంటాం. కడుపు ఉబ్బరమైతే నాలుగాకులు మరిగించుకుని తాగుతాం. మజ్జిగలో నలిపి వేసుకుంటాం.

కానీ ఒక తప్పు చేశాం. పోయిన వానాకాలం జూనియర్ తమ్ముడికి చలిజ్వరం వస్తే రెండు రోజులు పుదీనా కషాయమే ఇచ్చాం. తాగగానే హాయిగా ఉందన్నాడు, తగ్గిందనుకున్నాం. మూడో రోజు లేవలేకపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. వాళ్లమ్మకు ఫోన్‌లో ఏం చెప్పాలో మాకు తెలియలేదు. మందులు పూర్తిగా వాడాక కోలుకున్నాడు. పుదీనా వల్ల చల్లగా అనిపిస్తుందే తప్ప జ్వరం తగ్గదని సిస్టర్ చెప్పింది.

పచ్చడికి పుదీనా కావాలంటే రండి, కాడలిస్తాం. చలిజ్వరమొస్తే మాత్రం అదే రోజు రక్తపరీక్షకు వెళ్లండి. తోడు మేమొస్తాం.