దిగడం సరే, ఎక్కడమెలా?

దక్షిణ ఢిల్లీలోని ఆ ఇంటి బేస్‌మెంట్‌లో పాతికేళ్లుగా ట్రంకు పెట్టెలు, చలికాలం రాగానే దించే కూలర్లు, ఎవరికీ పారేయడానికి మనసొప్పని పాఠ్యపుస్తకాలు కాపురముండేవి. 2025 వేసవిలో దానికి మోక్షం వచ్చింది. న్యాయవాది అయిన ఆ ఇంటి కోడలు అద్దె గదిలోని తన ఆఫీసును అక్కడికి మార్చాలనుకున్నారు. నగరంలో 2021 మాస్టర్ ప్లాన్ కొన్ని షరతులతో ఇందుకు ఒప్పుకుంటుంది. రంగులు, దీపాలు, పుస్తకాల అరలు రెండు సాయంత్రాల్లో తేలిపోయాయి. మెట్ల దగ్గర మాత్రం ఇంటిల్లిపాదీ ఆరు వారాలు ఆగిపోయారు.

బేస్‌మెంట్‌కు ఉన్న దారి ఒక్కటే, కారు పెట్టే చోటి నుంచి దిగే ఇరుకు మెట్లు. ముందుగదిలో స్లాబు కోసి లోపలి నుంచి కొత్త మెట్లు వేయాలన్నది ఆలోచన. గుండ్రంగా తిరిగే ఇనప మెట్లు చాలన్నాడు మేస్త్రీ. అయిదడుగుల చోటు సరిపోతుంది, ఖర్చూ తక్కువే. భర్తకు బొమ్మ చూడగానే నచ్చేశాయి. "బావిలోకి దిగినట్టుంది" అన్నారు మోకాళ్ల నొప్పులున్న అత్తగారు. ఆమె మాటలో నిజముంది. ఇలాంటి మెట్లు స్తంభం దగ్గరికొచ్చే కొద్దీ సన్నబడతాయి, అక్కడ పాదం ఆనదు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే.

తిన్నటి మెట్లయితే? లెక్క వేశారు. లోతు 285 సెంటీమీటర్లు. ఇళ్లలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకూడదని, పాదం పెట్టే వెడల్పు 25కు తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. అంటే 15 ఎత్తులు, మూడున్నర మీటర్ల పొడవు. రెండు ఎత్తులు, ఒక వెడల్పు కలిపితే మనిషి అంగకు సరిపోవాలన్నాడు 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి బ్లాండెల్. అది 60 నుంచి 64 సెంటీమీటర్ల మధ్య ఉండాలని లెక్క. ఇక్కడ 63 వచ్చింది. అంతా బాగుంది కానీ మధ్యలో దూలం అడ్డొచ్చింది. దాని జోలికి వెళ్లొద్దన్నాడు ఇంజనీరు.

ఇక మిగిలింది సగంలో మలుపు తిరిగే మెట్లు. వాటికి 60 చదరపు అడుగులకు పైగా పోతుంది. అంటే జూనియర్ బల్లకు చోటుండదు. మేస్త్రీ ఉపాయం చెప్పాడు: బయటి మెట్లు మూసేస్తే ఆ స్థలం కలిసొస్తుంది, వాననీళ్ల బెడదా ఉండదు. ఖర్చు తగ్గే మాట ఎవరికి చేదు? అందరూ తలూపారు.

ఊపనిది ఆ జూనియర్ ఒక్కతే. "మరి రెండో దారి ఎటు మేడం?" అని అడిగింది. 2024 జులై 27న ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాననీరు ముంచెత్తి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. అప్పట్లో ఆ అమ్మాయి అక్కడికి రెండు వీధుల అవతల అద్దెకుండేది. తన బల్ల పోతుందని తెలిసే అడిగిందా ప్రశ్న.

బయటి మెట్లు అలాగే ఉన్నాయి. వాటి పైన అరడుగు ఎత్తున గట్టు కట్టారు. తలుపుకు లోపలి నుంచి తాళంచెవి అక్కర్లేకుండా తీసే గడియ బిగించారు. జూనియర్ బల్ల అల్మారా పక్కన ఇరుకుగా కుదిరింది. కొత్త మెట్ల మలుపు దగ్గర అత్తగారు ఊపిరి తీసుకుంటారు. "ఏడయ్యాయి, ఇంకా ఎనిమిది" అని పైకే లెక్కపెట్టుకుని మళ్లీ కదులుతారు.