తిరుగును గాని అందుకొనదు



సెల్ఫు కొట్టినప్పుడు ఇంజను తిరుగుట వేరు. అది అందుకొని తన బలముతో తాను నడుచుట వేరు. మొదటిది బ్యాటరీ బలము, రెండవది పెట్రోలు బలము. పాత ఇంజను దించి మరియొకటి బిగించిన తరువాత అది గిరగిర తిరుగుచు ఎంతకును అందుకొననియెడల, చూచువారు వెంటనే "ఇంజను మంచిది కాదు" అనియో, "మేస్త్రికి పని రాదు" అనియో తీర్పు చెప్పుదురు. అట్టి తీర్పువలన ఒకని బ్రదుకు ఎంత అపాయములో పడునో నేను చూచితిని గనుక మీకు ఈ సంగతి వ్రాయుచున్నాను.

2004వ సంవత్సరము వేసవిలో మా ప్రాంతమందలి ఒక గ్రామములో ఒక రైతు తన పాత పెట్రోలు జీపునకు ఇంజను మార్పించెను. ఆ ఊరికి బస్సు లేదు. కాన్పు నొప్పులు వచ్చినను, పాము కరచినను ఆసుపత్రికి చేర్చునది ఆ జీపే. పట్టణములో పాత సామాను అమ్మువానియొద్ద అదే తరగతి ఇంజను కొని తెచ్చిరి. బిగించినవాడు ఇరువది రెండేండ్ల కుర్రవాడు. స్వంతముగా చేసిన మొదటి పెద్ద పని అదే. ఇంజను తిరిగెను గాని అందుకొనలేదు. మూడవ దినమున రైతు, "నీ కూలి ఇయ్యను సరిగదా, ఇంజను డబ్బు కూడ నీవే కట్టాలి" అనెను. అమ్మినవానిమీదికి పోవుటకు పదిమంది సిద్ధపడిరి. ఆ కుర్రవాడు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఒక్కరోజు గడువిప్పించండి" అని వేడుకొనెను. నేను గడువిప్పించి, నేనెరిగిన ఒక ముసలి మేస్త్రిని పిలిపించితిని.

ఆయన వచ్చి, పనిముట్లు ముట్టక మునుపు, "ఏమేమి చేసినావురా అబ్బాయీ?" అని అడిగెను. కుర్రవాడు ప్లగ్గులు, కాయిలు, పాయింట్లు అన్నియు క్రొత్తవి వేసెను. కార్బురేటరు విప్పి కడిగెను. "అన్నీ ఒక్కసారే మార్చావు. ఇప్పుడు ఏది మంచిదో ఏది చెడ్డదో ఎట్లా తెలుస్తుంది? ఒక్కొక్కటే చూద్దాము" అని ఆయన చెప్పెను.

మొదట ఎర్తు తీగ చూచెను. ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చుండును గనుక, ఇంజనునుండి చాసీకి తీగ బిగింపనియెడల కరెంటు తిరిగిపోవుటకు సరియైన త్రోవ లేదు. ఇంజను మార్చినప్పుడు తరచుగా మరచునది ఇదే. అది బిగించియే యున్నది. తరువాత ప్లగ్గు విప్పగా పెట్రోలుతో తడిసియుండెను. కావున పెట్రోలు వచ్చుచున్నది. దానిని తుడిచి, తీగ తగిలించి, పెట్రోలు ఆవిరికి దూరముగా ఇనుమునకు ఆనించి సెల్ఫు కొట్టగా నీలిరవ్వ పడెను. పెట్రోలు ఉన్నది, రవ్వ ఉన్నది. ఇక మిగిలినది వేళ.

ఈ వేళ సంగతి కొంచెము నిదానముగా వినుడి. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో చేసిన ఇంజనువలెనే ఇదియు నాలుగు పనులు వరుసగా చేయును: పీల్చుట, నొక్కుట, మండి త్రోయుట, పొగ విడుచుట. ఈ నాలుగును ముగియుటకు క్రాంకు రెండు చుట్లు తిరుగవలెను. కాబట్టి పిస్టను రెండుమార్లు పైకి వచ్చును: ఒకమారు నొక్కుచు, ఒకమారు పొగను వెళ్లగొట్టుచు. పుల్లీమీది గుర్తు రెండుమార్లును సరిపోవును. రవ్వ కావలసినది నొక్కినప్పుడు మాత్రమే. పొగ వెళ్లగొట్టునప్పుడు పడిన రవ్వ ఎంత మంచిదైనను వ్యర్థమే.

ముసలి మేస్త్రి ఒకటవ ప్లగ్గు తీసి, ఆ రంధ్రముమీద కుర్రవాని వ్రేలు ఉంచుమని, తాను హ్యాండిలుతో మెల్లగా త్రిప్పెను. గాలి వ్రేలిని త్రోసినప్పుడు గుర్తునకు తెచ్చి ఆపి, డిస్ట్రిబ్యూటరు మూత తీసెను. రోటరు ఒకటవ తీగవైపు చూడవలసియుండగా సరిగా దాని కెదురువైపు చూచుచుండెను. గుర్తు సరిచూచినప్పుడు అది పొగ విడుచు చుట్టు అని కుర్రవాడు ఎరుగడు. అప్పుడప్పుడు కార్బురేటరులో టప్పున ప్రేలినది అందువలననే. డిస్ట్రిబ్యూటరును సరిగా త్రిప్పి కూర్చుండబెట్టి, తీగలను 1-3-4-2 వరుసను తగిలించిరి. రెండవ దెబ్బకే ఇంజను అందుకొనెను.

ఇంజను మంచిదే. అమ్మినవాడు మోసగాడు కాడు. కుర్రవానికి చేతిపని వచ్చును. ఒక్క సంగతి తెలియకుండెను, అది అరగంటలో నేర్చుకొనెను. రైతు అందరి యెదుటను కూలి లెక్కపెట్టి ఇచ్చెను.

ఇప్పటి బండ్లలో డిస్ట్రిబ్యూటరు లేదు. సెన్సారులును కంప్యూటరును ఆ పని చేయును. కొన్నిటిలో తాళపుచెవిలోని చిప్పును గుర్తుపట్టనిదే ఇంజను అందుకొనదు. అయినను అడుగవలసిన ప్రశ్నలు అవే: పెట్రోలు వచ్చుచున్నదా? రవ్వ పడుచున్నదా? నొక్కుడు ఉన్నదా? వేళ సరియేనా? సెల్ఫును ఊరక కొట్టుచుండకుడి. పది సెకండ్లు కొట్టి, చల్లారనిచ్చి మరల కొట్టుడి. తొందరపడి కార్బురేటరు నోట పెట్రోలు పోయకుడి. దానివలన చేతులు, ముఖములు కాలును. ఇంజను మార్చినయెడల దాని నంబరును బండి కాగితములలో వ్రాయించుటయు మరువకుడి.

మీ ఊరిలో ఏ కుర్రవాడైనను ఇట్టి చిక్కులో పడినయెడల, అతని కూలి నిలుపక మునుపు, అమ్మినవాని ఇంటిమీదికి పోక మునుపు, ఒకటవ ప్లగ్గు తీసి, ఆ రంధ్రముమీద వ్రేలుంచి చూడుమని చెప్పుడి.