బెల్లం నలుపు

విజయవాడలో ఆడవాళ్ళం కలిసి పెట్టుకున్న కలంకారీ వర్క్‌షాపు అది. నేర్పడానికి పెడన నుంచి ఒక అద్దకం పనావిడ వచ్చారు. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. వీధి చివరి బేకరీలో కొన్న కర్రీపఫ్, బందరు లడ్డూ ప్లేటులో పెట్టి ముందు ఆవిడకే ఇచ్చాను.

"మీరు తినండి మేడం, నేను తర్వాత."

చివర తినడం ఎన్ని తరాల అలవాటు! నేనూ ప్లేటు పట్టుకుని పక్కనే కూర్చున్నాను. లడ్డూ కొరికి నవ్వారు. "మా నలుపు రంగుకీ బెల్లమే. తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానేస్తాం. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అద్దితే నలుపు తేలుద్ది."

అందరూ ఆవిడ చుట్టూ చేరారు. సాయంత్రం ఎంగిలి ప్లేట్లు తియ్యబోతే ఆపాను. డబ్బుల కవరు మీద 'కూలి' అని రాయబోయిన నా చెయ్యి కూడా అప్పుడే ఆగింది.