పందెం చూస్తూ అల్లిన టోపీ

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సంక్రాంతి వచ్చిందంటే ఎడ్ల బండలాగుడు పందేలు ఉండవలసిందే. మా నల్లరేగడి నేల వానకు బంకలా అంటుకుంటుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అటువంటి నేలను దున్ని పేరు తెచ్చుకున్నవి ఒంగోలు జాతి ఎడ్లు. అదే నేలలో పత్తి పండుతుంది. అందుకే కాబోలు, మా ఊరి పందెంలో బరి మీద ఎడ్లూ, బరి పక్కన నూలుఉండలూ కనిపించేవి.

మా నాయనమ్మ, పెద్దమ్మ, ఇరుగుపొరుగు అత్తలు వేపచెట్టు కింద చాప పరుచుకుని, చేతిసంచుల్లోంచి నూలూ సూదులూ తీసేవారు. అది చూసి మా బాబాయి, "వదినా, పందెం చూడటానికి వచ్చారా, అల్లికల బడి పెట్టడానికి వచ్చారా?" అని నవ్వేవాడు. "చేతులకు పని ఉంటే కళ్లు నిదానంగా చూస్తాయి, అబ్బాయ్!" అనేది పెద్దమ్మ. అమెరికాలోనూ ఇటువంటి ముచ్చట ఉన్నదని నాకు తరువాత తెలిసింది. బేస్‌బాల్ ఆట చూస్తూ అందరూ కలిసి అల్లుకునే రోజులు 2005లో సియాటిల్ నగరంలో మొదలయ్యాయి.

1998 సంక్రాంతికి మాత్రం ఆ అల్లికలో తొందర ఉంది. మా అక్కకు నెలలు నిండకుండానే పాప పుట్టింది. దోసిట్లో ఇమిడేటంత పిల్ల. తలకు చలి తగలనీయవద్దని డాక్టరుగారు మరీమరీ చెప్పారు. పసిపిల్లల ఒంటితో పోలిస్తే తల పెద్దది, అందువల్ల ఒంట్లో వేడి తలనుంచి కూడా బాగా పోతుంది. అమ్మ అక్క దగ్గర ఉండిపోయింది. టోపీ పని నాయనమ్మ తీసుకుంది.

నాయనమ్మ కళ్లకు శుక్లాలు. అల్లిక వేళ్లతోనే తడిమి చూసుకునేది. దూరాన ఉన్న ఎడ్లు ఆమెకు కనిపించవు. కనుక పందెం చెప్పటం నా పని.

"ఎన్ని పళ్ల జతరా?" అని అడిగేది.

పిల్లలూ, ఎద్దుకు పైదవడ ముందు భాగాన పళ్లుండవు. కింద ఎనిమిది ఉంటాయి. దాదాపు రెండేళ్లకు రెండు పాలపళ్లు ఊడి పెద్దపళ్లు వస్తాయి. తరువాత నాలుగు, ఆరు, ఎనిమిది అవుతాయి. ఆ లెక్కను బట్టే జతలను వేరువేరుగా పోటీకి దింపుతారు. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం బండ లాగిన జత గెలుస్తుంది.

"ఆరు పళ్లవి, నాయనమ్మా. ఎడమది కాస్త వెనకపడుతోంది," అన్నాను. ఆమె సూదులు ఆగలేదు.

ఆ జతే అందరికన్నా ముందుంది. ఇంకొక్కసారి చివరిదాకా లాగితే బహుమతి దానిదే. ఇంతలో ఎడమ ఎద్దు మోకాళ్ల మీద కూలింది. జనం "కొట్టు! లేపు!" అని కేకలు వేశారు. యజమాని చెర్నాకోల కింద పారేసి, కాడి దించి, ఎద్దు మెడ నిమిరాడు.

"ఏమైందిరా?" అంది నాయనమ్మ. చెప్పాను. "మంచి రైతు," అని మళ్లీ ఉచ్చులు లెక్కపెట్టుకుంది.

పొద్దుగుంకేసరికి టోపీ పూర్తయింది. నూలుపోగును లాగి చూడండి, పెద్దగా సాగదు. కాని ఉచ్చులో ఉచ్చు దూర్చి అల్లితే, లాగినప్పుడు పోగు సాగకపోయినా ఉచ్చుల ఆకారం మారి గుడ్డ సాగుతుంది. ఉచ్చుల సందుల్లో నిలిచిన గాలి వేడిని త్వరగా బయటకు పోనివ్వదు. నిమ్మకాయంత తలకైనా అందులో వెచ్చగానే ఉంటుంది.

మొదట ఆ టోపీ పాప కనుబొమలదాకా జారేది. మాఘమాసం దాటేసరికి సరిపోయింది. వేసవి వచ్చేసరికి దాన్ని తనే లాగి విసిరికొట్టేటంత బలం తెచ్చుకుంది మా పాప.